వెయ్యి పౌండ్ల గ్రౌండ్ రెంట్ బకాయి, రెండున్నర లక్షల పౌండ్ల ఫ్లాట్: ఒక రెడింగ్ కేసు

ఈ కేసులో ఫ్లాట్ ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంది, ఓనర్ హైదరాబాద్‌లో ఉన్నారు, నేల, భవనం అసలు సొంతదారు (ఫ్రీహోల్డర్) ఎవరో ఓనర్‌కి తెలియదు. ఇంగ్లండ్‌లో లీజ్‌హోల్డ్ కేసులు చూసే నాలాంటి సొలిసిటర్ల దగ్గరికి వచ్చే తెలుగువాళ్ల ఫైళ్లలో ఈ మూడూ కలిసి కనబడటం మామూలే. క్లయింట్ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు, కొన్ని అంకెలు మార్చాను. చట్టం మాత్రం ఉన్నదున్నట్టే చెబుతాను.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొంటే, సేల్ డీడ్‌లో ఇన్ని గజాల అన్‌డివైడెడ్ షేర్ అని రాసి ఉంటుంది. కింద నేలలో మనకూ వాటా ఉన్నట్టు లెక్క. ఇంగ్లండ్, వేల్స్‌లో ఫ్లాట్ కొంటే దాదాపు ఎప్పుడూ అలా ఉండదు. నేల, భవనం ఫ్రీహోల్డర్‌వి. మనం కొన్నది 99 ఏళ్లకో, 125 ఏళ్లకో, 999 ఏళ్లకో లీజు, మనం లీజ్‌హోల్డర్లం. లీజులో ఏటా కట్టమని రాసి ఉండే అద్దె గ్రౌండ్ రెంట్. దానికి బదులుగా ఫ్రీహోల్డర్ మెట్లు ఊడ్పించడు, లిఫ్ట్ బాగు చేయించడు. వాటికి సర్వీస్ చార్జ్ వేరే ఉంటుంది. ఈ కేసు మొత్తం పుట్టింది ఆ రెండింటినీ ఒకటే అనుకోవడం దగ్గరే.

క్లయింట్ ఐటీ ఉద్యోగి. 2012లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ కొన్నారు. 2008 నుంచి 125 ఏళ్ల లీజు, గ్రౌండ్ రెంట్ ఏడాదికి 250 పౌండ్లు, ప్రతి జనవరి 1న కట్టాలి, 25 ఏళ్లకోసారి రెట్టింపు అవుతుంది. 2019 వేసవిలో నాన్నగారి ఆరోగ్యం బాగోక కుటుంబంతో హైదరాబాద్ వెళ్లిపోయి, ఫ్లాట్ అద్దెకిచ్చారు. వెళ్లేముందు భవనం నిర్వహణ చూసే మేనేజింగ్ ఏజెంట్‌కి ఈమెయిల్‌లో హైదరాబాద్ అడ్రస్ ఇచ్చారు. సర్వీస్ చార్జ్ ఖాతా నుంచి దానంతటదే పోయేలా స్టాండింగ్ ఆర్డర్ పెట్టారు. ఒక మనిషి చేయవలసిందంతా చేశాననే అనుకున్నారు.

అప్పటిదాకా ఒకే ఏజెంట్ సర్వీస్ చార్జ్‌నీ గ్రౌండ్ రెంట్‌నీ ఒకే బిల్లులో వసూలు చేసేవాడు. 2019 చివర్లో పాత ఫ్రీహోల్డర్ ఆ భవనం ఫ్రీహోల్డ్‌ని ఒక ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీకి అమ్మేశాడు. గ్రౌండ్ రెంట్ వసూలు వేరే ఏజెంట్ చేతికి పోయింది, సర్వీస్ చార్జ్ పాత చోటే ఉండిపోయింది. కొత్త ఫ్రీహోల్డర్ ఉత్తరాలన్నీ రెడింగ్ ఫ్లాట్‌కే వచ్చాయి. అద్దెకున్నవాళ్లు వాటిని వంటింటి డ్రాయర్‌లో పడేసి ఉంచారు. 2024 మొదట్లో కౌంటీ కోర్టు ముద్రతో కవర్ వచ్చాకే వాళ్లకి అనుమానం వచ్చి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు.

"అన్నా, సర్వీస్ చార్జ్ నెలనెలా పోతూనే ఉంది కదా, మళ్లీ ఇదేంటి?" అన్నది నాతో ఆయన అన్న మొదటి మాట.

కవర్‌లో ఉన్నది పొజెషన్ క్లెయిమ్. అందులో ఫోర్ఫీచర్ అన్న గడిలో టిక్ ఉంది. అంటే అద్దె కట్టలేదు కాబట్టి లీజునే రద్దు చేసి ఫ్లాట్ తమకు అప్పగించమని అడుగుతున్నారు. లెక్క ఇలా వేశారు: నాలుగేళ్ల గ్రౌండ్ రెంట్ 1,000 పౌండ్లు, రిమైండర్ ఉత్తరాలకు 180, ఫైలు లాయర్లకు పంపినందుకు 150, లాయర్ ఖర్చులు 1,380. మొత్తం 2,710. ఫ్లాట్ విలువ రెండు లక్షల అరవై వేలు దాటుతుంది, అందులో బ్యాంక్ లోన్ లక్షా పది వేలు.

ఇక్కడ చాలామంది నమ్మని సంగతి ఒకటుంది. ఫోర్ఫీచర్ పూర్తయితే ఫ్లాట్ అమ్మి, బకాయి పట్టుకుని, మిగతాది ఓనర్‌కి తిరిగివ్వడం అంటూ ఉండదు. బ్యాంక్ వేలం వేసినా మిగులు మనదే. ఇక్కడ లీజే మాయమవుతుంది, దాంతోపాటు మార్ట్‌గేజ్ కూడా. ఫ్లాట్ మొత్తం ఫ్రీహోల్డర్‌కి దక్కుతుంది. లోన్ మాత్రం మనిషి మీద అలాగే ఉంటుంది. కోర్టులు దీన్ని ఆపడానికి చాలా అవకాశాలిస్తాయి, నిజానికి అక్కడిదాకా వెళ్లే కేసులు అరుదు. కానీ ఆ బెదిరింపుతోనే వేల పౌండ్ల ఫీజులు వసూలవుతున్నాయి.

నేను మొదట అడిగింది డ్రాయర్‌లోని ఉత్తరాల ఫోటోలు, కవర్లతో సహా. గ్రౌండ్ రెంట్ కేసులో అసలు ప్రశ్న డబ్బు కట్టారా లేదా అన్నది కాదు, కట్టమని చట్టప్రకారం అడిగారా లేదా అన్నది. 2002 నాటి కామన్‌హోల్డ్ అండ్ లీజ్‌హోల్డ్ రిఫార్మ్ యాక్ట్ సెక్షన్ 166 ప్రకారం, నిర్ణీత ఫారంలో నోటీసు ఇచ్చేదాకా లాంగ్ లీజు ఉన్న ఇంటి ఓనర్‌కి గ్రౌండ్ రెంట్ కట్టే బాధ్యతే రాదు. నోటీసు ఇచ్చిన రోజు నుంచి కనీసం 30 రోజులు, ఎక్కువలో ఎక్కువ 60 రోజుల లోపు గడువు తేదీ చూపించాలి. లీజులో రాసిన తేదీ కన్నా ముందు తేదీ వేయకూడదు. ఫారంలో లీజ్‌హోల్డర్‌కి, ఫ్రీహోల్డర్‌కి వేర్వేరుగా సూచనలు అచ్చువేసి ఉండాలి. లీజులో "అడిగినా అడగకపోయినా కట్టాలి" అని రాసుకున్నా ఈ రూలే చెల్లుతుంది.

నాలుగు ఉత్తరాలూ టేబుల్ మీద పరిచి చూశాను. 2020 జనవరి అద్దెకు పంపిన నోటీసు మీద తేదీ 2019 డిసెంబర్ 12, గడువు జనవరి 1. ఇరవై రోజులే. చెల్లదు. 2021 అద్దెకు వచ్చింది అసలు నోటీసే కాదు, లోగో వేసిన ఇన్‌వాయిస్. వెనక వైపు ఉండాల్సిన సూచనలు లేవు, అక్కడ క్రెడిట్ కార్డుతో ఎలా కట్టాలో ఉంది. అదీ చెల్లదు. 2022, 2023 నోటీసులు మాత్రం పద్ధతిగా ఉన్నాయి. రెండూ నవంబర్ మధ్యలో పోస్ట్ చేసినవి, గడువు జనవరి 1, సూచనలు పూర్తిగా ఉన్నాయి. ఎవరో ఆఫీసులో ఫారం మార్చారన్నమాట.

అంటే కోర్టు క్లెయిమ్ వేసిన రోజుకి చట్టప్రకారం బాకీ పడింది 1,000 కాదు, 500. సగం తగ్గిందని క్లయింట్ ఊపిరి పీల్చుకున్నారు. నేను పీల్చుకోలేదు, ఎందుకంటే అసలు గీత 350 దగ్గర ఉంది. అదే చట్టం సెక్షన్ 167 కింద ఇంగ్లండ్‌లో బకాయి 350 పౌండ్లు దాటితేనో, బకాయిలో ఏ కొంచెమైనా మూడేళ్లకు మించి పెండింగ్‌లో ఉంటేనో తప్ప లీజు రద్దు చేసే హక్కు వాడకూడదు. ఆలస్య రుసుములు, రిమైండర్ ఫీజులు ఆ 350 లెక్కలోకి రావు. ఫీజులు పేర్చి గీత దాటించే ఎత్తుగడ అందుకే పనిచేయదు. మూడేళ్ల రూలు మా మీద పడలేదు. 2020 నోటీసు సరిగ్గా ఉండుంటే అదొక్కటే సరిపోయేది. కానీ 500 అనేది 350 కన్నా ఎక్కువే.

ఇక అడ్రస్ సంగతి. "నేను హైదరాబాద్ అడ్రస్ ఇచ్చాను, అక్కడికి ఒక్క ఉత్తరమూ రాలేదు" అన్నది క్లయింట్ ప్రధాన వాదన. న్యాయంగానే వినిపిస్తుంది, కోర్టులో నిలబడదు. సెక్షన్ 166 ప్రకారం నోటీసు పోస్టులో పంపితే ఆ ఫ్లాట్ అడ్రస్‌కే పంపాలి. లీజ్‌హోల్డర్ రాతపూర్వకంగా వేరే అడ్రస్ ఇస్తేనే మారుతుంది, ఆ అడ్రస్ ఇంగ్లండ్‌లోనో వేల్స్‌లోనో ఉండాలి. జూబ్లీహిల్స్‌ అయినా, న్యూజెర్సీ అయినా, చివరికి స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో అయినా పనికిరాదు. పైగా ఈయన ఇచ్చింది సర్వీస్ చార్జ్ ఏజెంట్‌కి, అతను కొత్త ఫ్రీహోల్డర్ మనిషి కాదు. ఫ్లాట్‌కి వచ్చిన సరైన నోటీసు డ్రాయర్‌లో ఉండిపోయినా అందినట్టే లెక్క. విదేశాల్లో ఉంటూ యూకేలో ఫ్లాట్ అద్దెకిచ్చుకున్న వాళ్లలో ఈ ఒక్క రూలు తెలిసినవాళ్లు నాకు దాదాపు ఎవరూ తగల్లేదు.

ఇంకో సంగతి క్లయింట్‌కి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మధ్యలో రెండు నెలలు ఫ్లాట్ ఖాళీగా ఉంది. లోపల ఎవరైనా చట్టబద్ధంగా నివసిస్తుంటే కోర్టు ద్వారా తప్ప స్వాధీనం చేసుకోకూడదని 1977 నాటి ప్రొటెక్షన్ ఫ్రమ్ ఎవిక్షన్ యాక్ట్ చెబుతుంది. ఎవరూ లేని ఫ్లాట్‌కి ఆ రక్షణ లేదు. పై షరతులు కుదిరితే ఫ్రీహోల్డర్ మనుషులు పగటిపూట వచ్చి, గొడవ లేకుండా తాళం మార్చి లీజు రద్దు చేసినట్టు ప్రకటించొచ్చు. అలా చేసినా ఆరు నెలల్లోపు కౌంటీ కోర్టుకెళ్లి లీజు తిరిగి తెచ్చుకునే దారి ఉంది. కానీ హైదరాబాద్‌లో ఉన్న మనిషికి తాళం మారిన సంగతి ఎప్పుడు తెలుస్తుంది?

హియరింగ్‌కి ఇంకా మూడు వారాలకు పైగా ఉంది. మా చేతిలో ఉన్న దారులు చూశాం.

మొదటిది చట్టంలోనే ఉన్న తిన్నని దారి. కౌంటీ కోర్ట్స్ యాక్ట్ 1984 సెక్షన్ 138 ప్రకారం, హియరింగ్ తేదీకి పూర్తిగా ఐదు రోజులు ముందే బకాయి అద్దె మొత్తం, దావా ఖర్చులు కోర్టులోనో ఫ్రీహోల్డర్‌కో కట్టేస్తే కేసు అక్కడితో ఆగిపోతుంది. లీజు అసలేమీ జరగనట్టే కొనసాగుతుంది. జడ్జి దయాదాక్షిణ్యాలతో పనిలేదు. ఆ గడువు దాటినా మార్గం మూసుకుపోదు. కోర్టు పొజెషన్ ఆర్డర్ ఇస్తే కనీసం నాలుగు వారాల గడువు ఇవ్వాలి, ఆలోపు కడితే లీజు నిలుస్తుంది. స్వాధీనం అయిపోయాక కూడా ఆరు నెలల్లో అడగొచ్చు, కాకపోతే అప్పుడు ఇవ్వాలా వద్దా అన్నది జడ్జి చేతిలో ఉంటుంది. ఆ తర్వాత ఇక అంతే. ఒక్కో మెట్టు దాటుతున్న కొద్దీ ఖర్చు పెరుగుతుంది, బేరమాడే బలం తగ్గుతుంది.

రెండోది పోరాటం. మంచి పాయింట్లే ఉన్నాయి. రెండు నోటీసులు చెల్లవు. అంతకన్నా పదునైనది ఇంకోటి: 2022 అద్దె కట్టలేదని తెలిసీ ఫ్రీహోల్డర్ 2023 అద్దెకు మళ్లీ నోటీసు పంపాడు. లీజు కొనసాగుతుందన్న లెక్కలోనే కదా తర్వాతి ఏడాది అద్దె అడుగుతారు. అలా అడిగితే, 2022 ఎగవేతకు లీజు రద్దు చేసే హక్కు వదులుకున్నట్టేనని పాత తీర్పులు చెబుతాయి. అప్పు అప్పుగానే ఉంటుంది, రద్దు హక్కు పోతుంది. అప్పుడు మిగిలేది 2023 అద్దె 250, అది 350 గీత కిందే. అప్పుడు క్లెయిమే కూలిపోవాలి.

చదువుకున్న క్లయింట్లకు ఈ వాదన భలే నచ్చుతుంది. ఈయనకీ నచ్చింది, "పోరాడదాం" అన్నారు. నేను వద్దన్నాను. వాదన తప్పని కాదు, గెలిచినా చేతికొచ్చేది తక్కువ. చెల్లని రెండు నోటీసుల స్థానంలో ఫ్రీహోల్డర్ రేపే కొత్తవి పంపి, 30 రోజుల్లో ఆ 500 అడగొచ్చు. లిమిటేషన్ యాక్ట్ ప్రకారం అద్దె బకాయికి ఆరేళ్ల గడువుంది. 500 పౌండ్ల కోసం రెండున్నర లక్షల ఫ్లాట్‌ని కోర్టులో పందెం కాయడం పొలాన్ని పేకాటలో పెట్టడమే. పాయింట్లు వదిలేయలేదు. వాటిని ఫీజుల మీద పోట్లాటకి దాచుకున్నాం.

ఈలోగా బ్యాంక్ రంగంలోకి దిగింది. ఫోర్ఫీచర్ క్లెయిమ్ వేసినప్పుడు మార్ట్‌గేజ్ ఇచ్చిన బ్యాంక్ వివరాలు కూడా కోర్టుకివ్వాలి, వాళ్లకీ కాగితాలు వెళ్తాయి. లీజు పోతే వాళ్ల సెక్యూరిటీ కూడా పోతుంది కదా. కాబట్టి బ్యాంక్ ఒక ఉత్తరం రాసింది: మీరు తేల్చకపోతే మొత్తం 2,710 మేమే కట్టి మీ లోన్‌కి కలుపుతాం. చాలా ఫ్రీహోల్డర్ల అసలు వ్యూహం ఇదేనని నా అనుభవం. బ్యాంక్ నోటీసు తేదీలు చూడదు, ఫీజు సమంజసమా అని అడగదు, ఇల్లు కాపాడుకోవాలని చెక్కు రాసేస్తుంది. ఆ తర్వాత ఆ డబ్బు వెనక్కి లాగడం తలకు మించిన పని. అదేరోజు బ్యాంక్‌కి రాశాం: అద్దె మొత్తం ఫలానా తేదీ లోపు కడుతున్నాం, మిగతావి వివాదంలో ఉన్నాయి, దయచేసి మీరు కట్టొద్దు. బ్యాంక్ ఆగింది.

కట్టింది ఇలా. నాలుగేళ్ల అద్దె 1,000, 2024 జనవరి అద్దె అడిగితే ఇవ్వడానికి సిద్ధమన్న మాట, కోర్టు ఫీజు, నిబంధనల ప్రకారం వచ్చే ఫిక్స్‌డ్ ఖర్చులు. వెంట ఒక ఉత్తరం: 2020, 2021 అద్దెలకు చెల్లే నోటీసు రాలేదు, అయినా సెక్షన్ 138 లాభం కోసం కడుతున్నాం, ఫీజుల మీద మా అభ్యంతరాలన్నీ అలాగే ఉన్నాయి. ఆయన యూకే బ్యాంక్ ఖాతా మూసేయకపోవడం పెద్ద మేలు చేసింది. హైదరాబాద్ నుంచి డబ్బు పంపాల్సి వస్తే ఫారాలు, బ్యాంక్ చుట్టూ తిరుగుళ్లు, ఆ టెన్షన్‌లో ఐదు రోజుల లెక్క తప్పేది. హియరింగ్ రద్దయింది.

ఫీజుల పోరు నిజానికి ఆ తర్వాత మొదలైంది, నాకు ఈ కేసులో ఆసక్తిగా అనిపించిన భాగమూ అదే. గ్రౌండ్ రెంట్ ఎంత అన్నది ఇలాంటి ఇళ్ల వివాదాలు చూసే ట్రిబ్యునల్ తేల్చదు, అది కోర్టు పని. కానీ కట్టలేదని వేసే ఫీజులు చట్టం దృష్టిలో అడ్మినిస్ట్రేషన్ చార్జీలు. అవి సమంజసంగా ఉండాలి, వాటిని ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌లో సవాలు చేయొచ్చు. ఆ బిల్లుతోపాటు లీజ్‌హోల్డర్ హక్కులు, బాధ్యతల సారాంశం జతచేయాలి, లేకపోతే జతచేసేదాకా కట్టనక్కర్లేదు. ఇక్కడ జతచేయలేదు. అద్దె గడువే రాని 2020, 2021లకు ఆలస్య రుసుము ఎలా వేశారన్నది రెండో ప్రశ్న.

లాయర్ ఖర్చుల 1,380 మీద పోట్లాట లీజులోని ఒక్క వాక్యం చుట్టూ తిరిగింది. లీజు రద్దుకు ముందు ఇచ్చే 1925 లా ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 146 నోటీసు తయారీకి అయ్యే ఖర్చులు లీజ్‌హోల్డర్ భరించాలని అందులో ఉంది. అనుమతి లేకుండా గోడ కొట్టేయడం లాంటి ఉల్లంఘనలకు ఆ నోటీసు తప్పనిసరి. అద్దె ఎగవేతకు మాత్రం ఆ నోటీసు అవసరమే లేదు, ఫ్రీహోల్డర్ ఇవ్వనూ లేదు. ఇవ్వని నోటీసు ఖర్చు ఎలా అడుగుతారు? ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పడ్డాక ఎదుటి లాయర్ల స్వరం మారింది. 1,710 అడిగినవాళ్లు చివరికి 600కి ఒప్పుకున్నారు. విచారణకి వెళ్తే ఇంకా తగ్గేదేమో, కానీ రెండు వైపులా లాయర్లు మాట్లాడే ప్రతి గంటకీ బిల్లు పడుతుంది. నా బిల్లుతో సహా.

తర్వాత చేసిన పనులు చిన్నవే. ఇంగ్లండ్‌లోనే స్లౌలో ఉన్న మరదలి ఇంటి అడ్రస్‌ని సెక్షన్ 166 నోటీసుల కోసం ఫ్రీహోల్డర్‌కి రాతపూర్వకంగా ఇచ్చాం, రికార్డెడ్ పోస్టులో. ల్యాండ్ రిజిస్ట్రీలో ఫ్లాట్ టైటిల్‌కి అడ్రస్‌లు మూడు దాకా ఇవ్వొచ్చు, విదేశీ అడ్రస్, ఈమెయిల్ కూడా చెల్లుతాయి. అక్కడ హైదరాబాద్ అడ్రస్, ఈమెయిల్ చేర్చాం. ఈ రెండూ వేర్వేరు పనులు, ఒకటి చేస్తే రెండోది అయినట్టు కాదు. ఫ్రీహోల్డ్ చేతులు మారితే తెలియడానికి ఫ్రీహోల్డ్ టైటిల్ మీద ల్యాండ్ రిజిస్ట్రీ ప్రాపర్టీ అలర్ట్ పెట్టాం, ఉచితమే.

ఇక అసలు గ్రౌండ్ రెంట్‌నే వదిలించుకోవాలా అన్న ప్రశ్న మిగిలింది. 2022 జూన్ 30 నుంచి ఇచ్చిన కొత్త లాంగ్ లీజుల్లో చాలావాటికి గ్రౌండ్ రెంట్ సున్నాయే, పాత లీజులకు ఆ చట్టం వర్తించదు. ఈయన లీజులో 250 కాస్తా 2033లో 500, 2058లో 1,000, 2083లో 2,000, 2108లో 4,000 అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉండేది. ఓనర్ సొంతంగా నివసించే ఫ్లాట్‌కి లండన్ బయట గ్రౌండ్ రెంట్ 250 దాటితే, గ్రేటర్ లండన్‌లో 1,000 దాటితే, అది మామూలు అద్దె ఇల్లులా అష్యూర్డ్ టెనెన్సీ అయిపోయేది. అప్పుడు సెక్షన్ 138 లాంటి రక్షణ లేకుండానే ఖాళీ చేయించే ప్రమాదం ఉండేది. ఈయన సరిగ్గా 250 దగ్గర ఉన్నారు, అక్కడ నివసించడమూ లేదు. 21 ఏళ్లకు మించిన లీజులకు ఆ ఉచ్చును 2025 రెంటర్స్ రైట్స్ యాక్ట్ తీసేసింది.

1993 చట్టం కింద లీజు పొడిగించుకుంటే ఉన్నదానికి 90 ఏళ్లు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ సున్నా అవుతుంది, కానీ దానికి ప్రీమియం (ఫ్రీహోల్డర్‌కి ఇచ్చే సొమ్ము), రెండు వైపులా ఖర్చులు ఉంటాయి. కొన్నాక రెండేళ్లు ఆగాలన్న షరతు 2025 జనవరి 31తో పోయింది, ఈయనకి అది ఎలాగూ అడ్డు కాదు. మిగిలిన కాలం 80 ఏళ్ల లోపుకి దిగితే మ్యారేజ్ వాల్యూ అనే అదనపు మొత్తం పడుతుంది, ఈయనకి ఇంకా వందేళ్ల పైనే ఉంది. 2026 జనవరిలో ప్రభుత్వం విడుదల చేసిన ముసాయిదా బిల్లులో పాత లీజుల గ్రౌండ్ రెంట్‌కి ఏడాదికి 250 పౌండ్ల పరిమితి, ఫోర్ఫీచర్ రద్దు రెండూ ఉన్నాయి. అది ఇంకా చట్టం కాలేదు, గ్రౌండ్ రెంట్ నోటీసు వచ్చిన వాళ్లెవరూ దాన్ని చూసి కట్టడం ఆపకూడదు. ఫ్లాట్ అమ్మే ఆలోచన లేకపోతే ఇప్పుడు పొడిగింపుకి డబ్బు పెట్టొద్దని చెప్పాను. అమ్మే ఆలోచన వస్తే, కొనేవాళ్ల బ్యాంక్ రెట్టింపు క్లాజు గురించి అడిగేలోపే రమ్మన్నాను. ఆయన ఆగుదామన్నారు.